యూరప్ యాత్ర: రైలా? అద్దె కారా?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసు క్యాంటీన్లో ఒకటే చర్చ. ఎవరో ఒకరికి అమ్మానాన్నల షెంజెన్ వీసా వచ్చి ఉంటుంది, ఇంకొకరికి అమెరికా నుంచి అక్కాబావా పిల్లలతో దిగుతుంటారు. సెలవు చూస్తే పది రోజులు, చూడాల్సిన దేశాలు చూస్తే ఆరు. ఇక ప్రశ్న మొదలు. "రైలు పాస్ తీసుకోమంటావా, కారు అద్దెకి తీసుకోమంటావా?"

అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి అసలు ఈ ప్రశ్నే ఉండదు. విమానం దిగగానే కారు తాళాలు చేతిలో పడాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకేమో యూరప్ అంటే రైలే అని ఒక నమ్మకం. 1995లో షారుఖ్, కాజోల్ తిరిగింది రైల్లోనే కదా మరి! మిగతావాళ్ళు తలకి ఇన్ని యూరోలు, పెట్రోలుకి ఇన్ని యూరోలు అని ఎక్సెల్ షీటు వేస్తారు. నేనైతే ఆ షీటు తెరిచే ముందు ఇంకో పని చేయమంటాను. వెళ్ళే చోట రైలు పట్టాలు ఎవరు వేశారు, ఎందుకు వేశారు, తర్వాత ఎవరైనా పీకేశారా అన్నది కాస్త చూడమంటాను. ఈ ప్రశ్నకి జవాబు దేశానికో రకంగా, ఒక్కోసారి ఊరికో రకంగా ఉంటుంది. ఆ జవాబు కూడా మనం పుట్టకముందే ఎవరో ఖాయం చేసి పెట్టేశారు. పాత ప్రాజెక్టు కోడ్ చూసి "ఎవడ్రా బాబూ ఇలా రాసింది" అని తిట్టుకుంటాం, తీరా తవ్వి చూస్తే అప్పటి క్లయింటు అడిగిందే అది అని తేలుతుంది. అచ్చం అలాగే.

మన దగ్గరా అంతే లెండి. అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కేరింతలు కొడతాం కానీ, ఆ కొత్తవలస-కిరండూల్ లైను వేసింది మన వినోదానికి కాదు. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి వేశారు. లోయల అందాలు మనకి కొసరు.

సరే, స్విట్జర్లాండ్‌తో మొదలుపెడదాం, మనవాళ్ళ జాబితాలో ఎలాగూ మొదటిది అదే. అక్కడికైతే నా సలహా రైలే, అనుమానం లేదు. ఎందుకు రైలు అన్నదే అసలు కథ.

స్విస్ రైళ్ళ సంగతి వస్తే చిన్న దేశం, డబ్బున్న దేశం, గడియారాలు చేసే దేశం అని తేల్చేస్తాం. నిజానికి 19వ శతాబ్దంలో అక్కడ రైళ్ళన్నీ ప్రైవేటు కంపెనీలవి, ఒకరితో ఒకరికి పోటీ. జ్యూరిక్ రాజకీయ నాయకుడు ఆల్ఫ్రెడ్ ఎషర్ ఒక రైలు కంపెనీ నడిపాడు, రైళ్ళకి పెట్టుబడి కావాలని 1856లో ఒక బ్యాంకు కూడా పెట్టాడు. ఆ బ్యాంకే క్రెడిట్ స్విస్. దాని ప్రాజెక్టుల్లో రాత్రుళ్ళు మేలుకున్న మన ఐటీవాళ్ళు ఎంతోమంది. 2023లో దాన్ని యూబీఎస్ కొనేసింది. జ్యూరిక్ పెద్ద స్టేషన్ ముందు నిలబడి ఉన్న విగ్రహం ఈ ఎషర్‌దే. ఆల్ప్స్ కొండల్లో గోట్‌హార్డ్ కింద 15 కిలోమీటర్ల సొరంగం తవ్వే పనికీ ఆయనే పెద్ద. 1872లో మొదలుపెట్టి 1882లో రైలు నడిపారు. ఖర్చు అంచనా దాటిపోయేసరికి 1878లోనే ఎషర్ తప్పుకోవాల్సి వచ్చింది. బడ్జెట్ దాటితే ప్రాజెక్టు మేనేజరుకి అప్పుడూ ఇప్పుడూ ఒకటే గతి. కాంట్రాక్టరు లూయీ ఫావ్ర్ 1879లో ఆ సొరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు. కూలీలు, అందులో ఎక్కువమంది ఇటలీవాళ్ళు, సుమారు 200 మంది పోయారు. 1875లో వాళ్ళు సమ్మె చేస్తే జరిగిన కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కిటికీ పక్కన కూర్చుని ఫోటోలు తీసుకునేటప్పుడు ఇవేవీ కనబడవు.

1898లో స్విస్ జనం ఓటు వేసి పెద్ద రైలు కంపెనీలని ప్రభుత్వపరం చేయమన్నారు. 1902లో జాతీయ రైల్వే మొదలైంది. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. స్విట్జర్లాండ్‌కి చెప్పుకోదగ్గ బొగ్గు లేదు, ఎక్కువగా జర్మనీ నుంచే రావాలి. బొగ్గు కరువై రైళ్ళు తగ్గించుకోవాల్సి వచ్చింది. కొండల్లో పారే నీళ్ళు మాత్రం కావలసినన్ని. దాంతో కరెంటు రైళ్ళ మీద పడ్డారు. 1922 కల్లా గోట్‌హార్డ్ లైను మొత్తం కరెంటు మీద నడిచింది. మనం చూసి ముచ్చటపడే పొగలేని రైళ్ళు పర్యావరణం మీద ప్రేమతో పుట్టినవి కావు, బొగ్గు దొరక్క పుట్టినవి.

నాకు బాగా నచ్చే భాగం దీని తర్వాతది. 1970 ప్రాంతంలో జనం కార్లు కొనుక్కుంటున్నారు, రైళ్ళకి గిరాకీ తగ్గుతోంది. అప్పుడు స్విస్ రైల్వేలో పనిచేసే కొందరు కుర్ర ఇంజనీర్లు పనివేళలు అయిపోయాక కూర్చుని ఒక ఆలోచన చేశారు. వాళ్ళ గుంపు పేరు 'స్పిన్నర్ క్లబ్', అంటే పిచ్చోళ్ళ సంఘం అనుకోండి. సామ్యుయెల్ స్టేలీ, మరో ఇద్దరు కలిసి 1972లో దాన్ని కాగితం మీద పెట్టారు. ఆలోచన చాలా సులువు. ప్రతి లైనులో ప్రతి గంటకీ అదే నిమిషానికి రైలు ఉండాలి. పెద్ద స్టేషన్లకి అన్ని వైపుల నుంచీ రైళ్ళు గంట కొట్టేముందు చేరాలి, గంట కొట్టాక కొద్ది నిమిషాలకి అన్ని వైపులకీ బయల్దేరాలి. ఆ మధ్యలో ఎవరు ఏ రైల్లోంచి ఏ రైల్లోకైనా మారొచ్చు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి టైంటేబుల్ అప్పటికే ఉంది కానీ, ఇంత మొండిగా దేశమంతా అల్లింది వీళ్ళు.

1982లో అది అమల్లోకి వచ్చింది. 1987లో మళ్ళీ ఓటింగు పెట్టి, 'రైల్ 2000' అనే పథకానికి జనం సరే అన్నారు. మామూలుగా ఎవరైనా పట్టాలు వేసి, వాటి మీద రైలు ఎంత వేగంగా పోతే అంత అని టైంటేబుల్ రాస్తారు. వీళ్ళు ముందు టైంటేబుల్ రాసుకుని, దానికి సరిపడా పట్టాలు వేశారు. బెర్న్ నుంచి జ్యూరిక్‌కి అప్పట్లో 69 నిమిషాలు. గంట దాటితే తర్వాతి రైలు తప్పిపోతుంది కాబట్టి గంటలోపు రావాలి. అందుకని మధ్యలో ఒక కొత్త లైను వేసి 2004 డిసెంబరులో 56 నిమిషాలకి దించారు. అంతే, అక్కడితో ఆపేశారు. 40 నిమిషాలకి దించితే గొప్పగా ఉంటుంది కానీ, దిగినవాడు స్టేషన్లో ఊరికే నిలబడాలి. రిక్వైర్‌మెంట్ ఇంత స్పష్టంగా రాసుకున్న ప్రాజెక్టు నా ఉద్యోగంలో నేనైతే ఒక్కటీ చూడలేదు.

మా నాన్నగారు బస్సు కోసం గంటలు గంటలు నిలబడడం అలవాటైన మనిషి. అక్కడ మూడు రోజులు తిరిగాక ప్లాట్‌ఫారం మీద గడియారం కేసి చూస్తూ, "వీళ్ళు రైలుకి గడియారం కట్టారా, గడియారానికి రైలు కట్టారా" అన్నారు. రెండోదే నాన్నా అని చెప్పి ఈ కథంతా చెప్పాను. అరవై దాటినవాళ్ళని వెంటబెట్టుకుని నాలుగు నిమిషాల్లో రైలు మారడం అంటే ముందు నాకూ గుండె దడే. కానీ చాలాచోట్ల ఆ రైలు ఎదుటి ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. రైలు ఆగిపోయిన చోట పసుపుపచ్చ పోస్టు బస్సు నిలబడి ఉంటుంది, అదీ అదే టైంటేబుల్లో భాగం.

కారు సంగతి అడుగుతారా? దావోస్, సెయింట్ మోరిట్జ్ ఉన్న గ్రౌబ్యూండెన్ అనే రాష్ట్రంలో 1900లో కార్లని పూర్తిగా నిషేధించారు! గుర్రాలు బెదురుతాయని, ఇరుకు కొండదారుల్లో దుమ్ము, ప్రమాదాలని. పాతికేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ ఓటింగు పెట్టారు, ప్రతిసారీ జనం వద్దన్నారు. 1925లోగానీ కారుకి గేటు తెరవలేదు. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ రేషియన్ రైల్వే మీటరు గేజి పట్టాలు కొండలెక్కాయి. ఆల్బులా లైను 1904కి పూర్తయింది, బెర్నీనా లైను 1910లో పూర్తయి 2,253 మీటర్ల ఎత్తుకి చేరింది. 2008లో యునెస్కో ఈ రెండు లైన్లనీ వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. నిషేధం వల్లే రైలు వచ్చిందని అనను, రైలు అంతకుముందే దావోస్ చేరింది. కానీ కారు లేని ఆ పాతికేళ్ళు రైలుకి పోటీ లేకుండా పోయిందన్నది మాత్రం నిజం.

జెర్మాట్, వెంగెన్ లాంటి ఊళ్ళలోకి ఇవాళ్టికీ మీ కారు రానివ్వరు. కింద టేష్‌లోనో లౌటర్‌బ్రునెన్‌లోనో పార్కింగ్ డబ్బు కట్టి వదిలేసి, రైలెక్కి వెళ్ళాలి. అంటే కారుకి అద్దె, దాని పార్కింగుకి అద్దె, పైన రైలు టిక్కెట్టు. హైవే ఎక్కితే ఒక్క రోజుకైనా ఏడాది స్టిక్కరు కొనాల్సిందే, 40 ఫ్రాంకులు. అద్దె కారు ఆ దేశంలోనే తీసుకుంటే స్టిక్కరు అతికించే ఇస్తారు, జర్మనీ నుంచి తెచ్చుకుంటే మీరే కొనుక్కోవాలి. అన్నట్టు, 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ తెరిచింది 1912లో. మ్యూనిక్‌లో మార్టిన్ జిక్స్ట్ మూడు కార్లతో అద్దె వ్యాపారం మొదలుపెట్టిందీ 1912లోనే. అంటే మన క్యాంటీన్ చర్చకి వందేళ్ళు దాటాయన్నమాట :)

పక్కనే ఉన్న ఫ్రాన్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 1842లో ఒక చట్టం చేసి, లెగ్రాన్ అనే ఇంజనీరు గీసిన పటం ప్రకారం పట్టాలు వేశారు. దాన్ని 'లెగ్రాన్ నక్షత్రం' అంటారు. నడుమ పారిస్, అక్కడి నుంచి అన్ని దిక్కులకీ గీతలు. రాజధాని నుంచి సరిహద్దులకీ రేవులకీ దారి ఉంటే చాలు, ఊరికీ ఊరికీ మధ్య సంగతి తర్వాత అన్నట్టు. 1981లో పారిస్-లియోన్ మధ్య టీజీవీ వచ్చింది, తర్వాతి లైన్లు కూడా చాలావరకు ఆ నక్షత్రం గీతల్నే ఇంకా లావుగా గీశాయి. ఫలితం ఏమిటంటే పారిస్ నుంచి ఎక్కడికైనా రైలుని మించింది లేదు, అడ్డంగా పోవాలంటే చుక్కలే. లియోన్ నుంచి బోర్డోకి రైల్లో పోయేవాళ్ళు పారిస్ చుట్టి రావడం మామూలే. అందుకని ఫ్రాన్స్‌లో నా పద్ధతి ఒక్కటే. నక్షత్రం గీత చివరిదాకా రైలు, అక్కడి నుంచి కారు. ప్రొవాన్స్‌లో లావెండర్ తోటలు చూడాలంటే అవిన్యాన్ దాకా టీజీవీలో వెళ్ళి స్టేషన్ దగ్గర కారు తీసుకోవడం మేలు. పారిస్ నుంచి కారు నడుపుకుంటూ వెళ్ళి టోల్ గేట్లకి సమర్పించుకోవడం నాకు నచ్చదు.

ఫ్రాన్స్ దాటి స్పెయిన్‌లోకి వెళ్తే పట్టాల వెడల్పే మారిపోతుంది. 1844లో అక్కడ ఇంజనీర్లు ఆరు కాస్టిలియన్ అడుగులు, అంటే 1,672 మిల్లీమీటర్లు చాలన్నారు. మన బ్రాడ్ గేజికి నాలుగు మిల్లీమీటర్లే తక్కువ. ఫ్రాన్స్‌వాళ్ళు దండెత్తి రాకుండా అలా చేశారని ఒక కథ తిరుగుతుంది కానీ, ఆ ఇంజనీర్ల నివేదికలో ఉన్న కారణం కొండలెక్కే ఇంజన్లకి పెద్ద బాయిలర్లు పట్టాలని. కారణం ఏదైతేనేం, తరాలపాటు సరిహద్దులో జనం సామాన్లతో దిగి రైలు మారారు. 1960ల చివర్లో టాల్గో కంపెనీ నడుస్తూనే చక్రాల వెడల్పు మార్చుకునే రైలు తెచ్చింది (2016లో ఢిల్లీ-ముంబై మధ్య పరీక్షించి చూశారే, ఆ టాల్గోనే). 1992లో మాడ్రిడ్-సెవిల్ హైస్పీడ్ లైను వేసేటప్పుడు మాత్రం బుద్ధిగా 1,435 మిల్లీమీటర్లే ఎంచుకున్నారు. ఇప్పుడు దేశంలో రెండు రైలు వ్యవస్థలు. కొత్తదాని మీద ఉన్న ఊళ్ళకి కారు దండగ, ఆండలూసియా కొండల్లో తెల్ల ఊళ్ళకి కారు లేకుండా కష్టం.

ఇటలీలో ఇంకాస్త చిక్కు. టస్కనీలో ఊళ్ళన్నీ శత్రువులకి భయపడి కొండల నెత్తిన కట్టుకున్నవి. రైలుకి కొండెక్కడం ఇష్టం ఉండదు, లోయలోంచి పోతుంది. అందుకే మోంటెపుల్చానో స్టేషన్‌లో దిగితే మోంటెపుల్చానో ఊరు కనబడదు. సాన్ జిమిన్యానోకి స్టేషనే లేదు, పోజ్జిబోన్సీలో దిగి బస్సెక్కాలి. మరోపక్క కార్ల కోసమే రోడ్డు వేయడంలో ఇటలీయే ముందు. 1924లో పియెరో పురిచెల్లీ అనే ఇంజనీరు మిలాన్ నుంచి సరస్సుల వైపు కార్లకి మాత్రమే టోలు రోడ్డు వేశాడు. హిట్లరే మొదట కనిపెట్టాడని మనవాళ్ళు చెప్పుకునే ఆటోబాన్ దీని తర్వాతిదే. అదీ హిట్లర్ రాకముందే, 1932లో కొలోన్-బాన్ మధ్య అప్పటి కొలోన్ మేయరు అడెనవర్ ప్రారంభించాడు. యుద్ధం తర్వాత ఇటలీలో 1955లో ఫియట్ 600, 1957లో ఫియట్ 500 వచ్చాయి, 1956 నుంచి 1964 దాకా మిలాన్-నేపుల్స్ హైవే కట్టారు. చిన్న జీతగాడికి చిన్న కారు, దానికో పెద్ద రోడ్డు. ఆ కాలపు ఫియట్ 1100 మన దగ్గర ప్రీమియర్ పద్మినిగా ఎన్నాళ్ళు నడిచిందో తెలిసిందే.

కాబట్టి రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ మధ్య రైలు. టస్కనీ ఊళ్ళకి కారు. చింక్వె తెర్రెకి మాత్రం పొరపాటున కూడా కారు వద్దు. 1874లో పూర్తయిన జెనోవా-లా స్పెజియా రైలు లైను కొండని తొలుచుకుంటూ ఆ ఐదు ఊళ్ళనీ కలిపింది, కార్లకి అక్కడ చోటే లేదు. ఇంకో జాగ్రత్త. ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డున బయటి కార్లని రానివ్వని 'జెడ్‌టీఎల్' హద్దులుంటాయి. పోలీసు ఆపడు, కెమెరా ఫోటో తీస్తుంది. మీరు హైదరాబాద్ వెళ్ళి ఆ ప్రయాణం మర్చిపోయిన కొన్ని నెలలకి చలానా వస్తుంది, అద్దె కంపెనీ సర్వీసు చార్జీ అదనం. కారుని ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో కాకుండా విమానాశ్రయం దగ్గర తీసుకోమనేది అందుకే.

ఇంగ్లండ్ కథ వేరు. మిగతాచోట్ల పట్టాలు ఎలా వేశారన్నది ముఖ్యం, అక్కడ ఎలా పీకారన్నది. 1825లో ప్రపంచానికి రైలు చూపించిన దేశం. 1963లో రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చాడు. పట్టాల్లో మూడో వంతు మీద ప్రయాణికుల రద్దీ ఒక్క శాతమే అని లెక్క తేల్చి, సుమారు 8,000 కిలోమీటర్ల లైన్లు, రెండు వేల పైచిలుకు స్టేషన్లు మూసేయమన్నాడు. ఆ నివేదిక తెప్పించిన రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ సొంతంగా రోడ్లు కట్టే కంపెనీ పెట్టినవాడు. మంత్రయ్యాక విమర్శలొస్తే తన వాటాలు భార్య పేరు మీదికి మార్చాడు. (ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకుంటాం!)

బీచింగ్ లెక్క తప్పని అనలేం. కానీ వాడకం లాగ్‌లో రోజుకి పది హిట్లే ఉన్నాయని ఒక సర్వీసు ఆపేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఆ పది హిట్లూ ఇంకెక్కడో వెయ్యి లావాదేవీలకి మొదలై ఉండొచ్చు. చిన్న లైనులో ఎక్కినవాడే పెద్ద లైనులో లండన్ దాకా టిక్కెట్టు కొనేది. ఇంటి దగ్గర స్టేషన్ పోయాక వాడు పెద్ద స్టేషన్‌కి కారులో రాలేదు, ఏకంగా కారులోనే లండన్ వెళ్ళిపోయాడు. ఆశించినంత ఆదా రాలేదు.

లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజ్విక్ అనే ఊరుంది, మన యూకే మిత్రులు చాలామంది వెళ్ళి ఉంటారు. 1972లో అక్కడికి రైలు ఆగిపోయింది. పెన్రిత్‌లో దిగి బస్సు పట్టుకోవాలి, లేదా కారు. పట్టాలున్న చోట ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు. స్కాట్లండ్‌లో ఎడింబరా నుంచి దక్షిణాన కార్లైల్ దాకా పోయే లైను 1969లో మూసేశారు. పోరాడగా పోరాడగా 2015లో ట్వీడ్‌బ్యాంక్ దాకా, సుమారు 50 కిలోమీటర్లు మళ్ళీ వేశారు. వందల మిలియన్ల పౌండ్లు అయ్యాయి. ఆ అవతల ఉన్న హావిక్ ఊరికి ఇంకా రైలు లేదు. అందుకని ఇంగ్లండ్‌లో నేను చెప్పేది ఇంతే. లండన్, యార్క్, ఎడింబరా రైల్లో. బీచింగ్ కత్తెర పడిన చోట కారు. ఎలాగూ మనలాగే ఎడమ పక్క నడుపుతారు, మన లైసెన్సు మీద ఏడాదిపాటు నడపనిస్తారు.

జర్మనీలో రెండూ ఉన్నాయి. మ్యూనిక్, బెర్లిన్, కొలోన్ అన్నిటికీ ఐసీఈ రైలుంది, కానీ 2024లో దూరప్రయాణం రైళ్ళలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల్లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. ఆలస్యంగా వచ్చిన జర్మన్ రైలుని స్విస్‌వాళ్ళు తమ టైంటేబుల్ చెడుతుందని బాసెల్ దగ్గరే ఆపేస్తుంటారు. అక్కడ రైలు మారేటప్పుడు కనీసం గంట వెసులుబాటు ఉంచుకోండి.

డుబ్రోవ్నిక్ వెళ్ళే కుర్రాళ్ళకి ఒక్క మాట. అక్కడికి రైలే లేదు. ఆస్ట్రియా-హంగరీ కాలంలో 1901లో వేసిన నేరో గేజి లైను 1970ల్లో తీసేశారు. కారో బస్సో తప్పదు. స్ప్లిట్ నుంచి వెళ్తే ఇదివరకు బోస్నియా సరిహద్దు దాటాల్సి వచ్చేది, 2022లో పెల్యెషాట్స్ వంతెన వచ్చాక ఆ బాధ తప్పింది.

ఇక పాస్ కొనేవాళ్ళకి. 1959లో మొదలైన యూరైల్ బయటి దేశాలవాళ్ళకి, 1972లో మొదలైన ఇంటర్‌రైల్ యూరప్‌లో ఉండేవాళ్ళకి. మీరు జర్మనీలో ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలని తిప్పుతుంటే మీకు ఇంటర్‌రైల్, వాళ్ళకి యూరైల్. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ హైస్పీడ్ రైళ్ళలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. కారు తీసుకుంటే ఏ దేశంలో తీసుకున్నారో అక్కడే ఇచ్చేయండి, వేరే దేశంలో వదిలితే ఆ చార్జీకి రెండు రైలు టిక్కెట్లు వస్తాయి. అమెరికా అలవాటుతో ఆటోమేటిక్ అనుకోకండి, అడగకపోతే గేర్ల బండే ఇవ్వొచ్చు. ఇటలీలో మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఇండియాలో ఆర్టీఓ దగ్గర తీసుకునేది, బయల్దేరే ముందే పని పూర్తి చేసుకోండి.